హైదరాబాద్ నుంచి బెర్లిన్‌కి కుక్కా పిల్లీ: ముందు చిప్, ఆ తర్వాతే టికెట్

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీవారికి బెర్లిన్‌లో ఉద్యోగం వచ్చింది, అక్టోబర్ 1న చేరాలి. ఇప్పుడు జూన్ నెలాఖరు. మీరుండేది మియాపూర్. ఇంట్లో నాలుగేళ్ల ఇండీ కుక్క ఉంది, 18 కిలోలు, వీధిలోంచి తెచ్చి పెంచుకున్నది. దానితోపాటు ఒక నాటు పిల్లి. రెండింటికీ ఏటా రేబిస్ టీకా వేయిస్తున్నారు కానీ మైక్రోచిప్, అంటే చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్, లేదు. ఒక ఏజెంటు ‘ఆరు వారాల్లో పంపించేస్తా, పేపర్లన్నీ నేనే చూసుకుంటా’ అన్నాడు. అత్తగారేమో ఖమ్మంలో తన దగ్గర వదిలేసి వెళ్లమంటున్నారు. ఏజెంటును నమ్మొచ్చా? అక్కడికి వెళ్లాక అవి ఎలా అలవాటు పడతాయి?

నేను సైనిక్‌పురి వైపు ప్రాక్టీసు చేసే పశువైద్యుణ్ని. మా ఆవిడ ఉద్యోగం వల్ల కొన్నేళ్లు బెర్లిన్‌లో, మా కుక్కతో సహా, ఉండి వచ్చాం. విదేశాలకు వెళ్లే జంతువుల కాగితాల పని నా దగ్గరికి తరచూ వస్తుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఏజెంటు సంగతి. ఆరు వారాల్లో కుదరదు. ఏజెంటు ఎంత గట్టివాడైనా కుదరదు. రేబిస్ విషయంలో యూరోపియన్ యూనియన్ బయటి దేశాలను రెండుగా విడగొట్టి చూస్తుంది. వాళ్ల జాబితాలో ఉన్న దేశాల నుంచి వచ్చే కుక్కకు చిప్, టీకా, సర్టిఫికెట్ చాలు. ఇండియా ఆ జాబితాలో లేదు. లేని దేశం నుంచి వచ్చే కుక్కకైనా పిల్లికైనా రక్తపరీక్ష చేయించాలి, ఆ పైన మూడు నెలలు ఆగాలి. డబ్బు ఎక్కువ కట్టినంత మాత్రాన ఈ మూడు నెలలు తగ్గవు.

వరస ఇలా ఉంటుంది. మొదట 15 అంకెల ఐఎస్‌ఓ మైక్రోచిప్. దాని తర్వాత, లేదా అదే రోజు చిప్ వేశాక, రేబిస్ టీకా. టీకా వేసిన 30 రోజులకు తగ్గకుండా ఆగి రక్తం తీయాలి. ఆ రక్తం నుంచి వేరుచేసిన సీరంలో రేబిస్ యాంటీబాడీలు మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లు, లేదా అంతకంటే ఎక్కువ ఉన్నట్టు యూరోపియన్ యూనియన్ ఆమోదించిన ల్యాబ్ చెప్పాలి. దీన్నే అందరూ టైటర్ టెస్ట్ అంటారు. రక్తం తీసిన తేదీ నుంచి మూడు నెలలు నిండాకే జంతువు యూరప్‌లో అడుగుపెట్టాలి. చాలామంది రిపోర్టు వచ్చిన తేదీ నుంచి లెక్కేసుకుని అనవసరంగా కంగారు పడతారు. లెక్క రక్తం తీసిన రోజు నుంచే.

మీ దగ్గర పాత టీకా కార్డులు ఉన్నాయి కదా, అవి చాలవా అని అడిగారు. కాగితం మీద చాలవు. చిప్ లేకుండా వేసిన టీకా ఏ జంతువుకు వేశారో ఆ కార్డు రుజువు చేయలేదు, కాబట్టి చిప్‌కు ముందు వేసిన టీకాలేవీ లెక్కలోకి రావు. అయితే నాలుగేళ్లుగా వేసిన ఆ టీకాల ప్రభావం ఒంట్లో ఉండనే ఉంటుంది. అందువల్ల మీ కుక్కకు టైటర్ బాగానే వస్తుందని నా అంచనా. జీవితంలో మొదటిసారి ఒక్క డోసు వేయించుకుని రక్తం ఇచ్చిన జంతువుల్లోనే 0.5 దాటనివి ఎక్కువగా కనిపిస్తాయి.

ఇప్పుడు మీ క్యాలెండర్ వేద్దాం. జూన్ 30న చిప్, టీకా అయ్యాయనుకోండి. జూలై 30కి 30 రోజులు నిండుతాయి. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ లెక్క తప్పకుండా ఆగస్టు 1న రక్తం తీయించండి. అక్కడి నుంచి మూడు నెలలంటే నవంబర్ 1. నవంబర్ మొదటి వారంలో ప్రయాణం పెట్టుకోవచ్చు. మీవారు చేరాల్సిన తేదీ కంటే ఇది నెల పైగా ఆలస్యం. ఇప్పుడు ఇంకో రెండు వారాలు తాత్సారం చేస్తే ప్రయాణం కూడా రెండు వారాలు వెనక్కి పోతుంది. అంటే డిసెంబర్ చలికి దగ్గరవుతారు. ఈ ఉత్తరం చదివి కాఫీ తాగేలోపు దగ్గర్లోని క్లినిక్‌కు ఫోన్ చేయండి.

మూడు నెలలు ఎందుకంటారా? టీకా వేయించుకునే ముందే ఏ పిచ్చికుక్కో కరిచి వైరస్ ఒంట్లోకి చేరి ఉంటే, టీకా దాన్ని ఆపలేకపోవచ్చు. కానీ లక్షణాలు బయటపడటానికి వారాలో నెలలో పడుతుంది. ఈ నిరీక్షణ అలాంటి జంతువును ఇక్కడే పట్టుకోవడానికి. నేల మీద తిరిగే జంతువుల్లో రేబిస్ లేని దేశంగా జర్మనీ 2008లో నిలిచింది. అడవి నక్కలకు నోటి ద్వారా టీకా ఇచ్చే ఎరలు వేసి ఏళ్ల తరబడి కష్టపడితే వచ్చిన ఫలితం అది. మన వైపు రేబిస్ ఇంకా మనుషులను చంపుతున్న జబ్బు. వాళ్ల పట్టింపులో తప్పేం లేదని నాకనిపిస్తుంది.

ఆరు వారాలన్న ఏజెంటు మనసులో ఉన్నది బహుశా వెనక తేదీతో టీకా కార్డు రాయించడం. ఆ దారి పట్టకండి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో అధికారులు చిప్ స్కాన్ చేస్తారు, ల్యాబ్ రిపోర్టు చూస్తారు. పత్రాల్లో తేడా ఉంటే జంతువును వెనక్కి పంపడం, లేదా మీ ఖర్చుతో అక్కడే నిర్బంధంలో ఉంచడం జరుగుతుంది. ఆ రెండూ సాధ్యం కాకపోతే ప్రాణం తీయడానికి కూడా చట్టం వాళ్లకు వీలిచ్చింది. అలాగని ఏజెంట్లందరూ మోసగాళ్లని అనను. సరైన సైజు క్రేట్ (ప్రయాణంలో జంతువును ఉంచే పెట్టె) సమకూర్చడం, క్వారంటైన్ ఆఫీసులో అపాయింట్‌మెంట్, కార్గో బుకింగ్, తెల్లవారుజామున ఎయిర్‌పోర్టులో నిలబడటం, ఇవన్నీ డబ్బిచ్చి చేయించుకోదగ్గ పనులే. తేదీలు మాత్రం మీ చేతిలో పెట్టుకోండి.

రక్తం తీసే రోజు మీరు పక్కనే నిలబడి చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. డాక్టరు ముందు చిప్ స్కాన్ చేయాలి, ఆ 15 అంకెలనూ ఫారం మీద రాయాలి, ఆ తర్వాతే సూది. రక్తం గడ్డకట్టాక సీరం వేరుచేసి చల్లగా ప్యాక్ చేసి కొరియర్ చేస్తారు. ఒక్క అంకె తప్పు పడినా రిపోర్టు మీ కుక్కది కాకుండా పోతుంది. స్కానర్ తెర మీది నంబరును ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. పిల్లికీ ఇదే వరస, దానికి మినహాయింపేమీ లేదు. టైటర్ ఒకసారి పాసయ్యాక రేబిస్ టీకా గడువు దాటకుండా వేయిస్తూ ఉన్నంతకాలం ఆ రిపోర్టు చెల్లుతుంది. ఒక్క రోజు గడువు దాటినా మళ్లీ మొదటికొస్తుంది. ఫ్రిజ్ మీద అంటించండి ఆ తేదీ.

జాతి పేరు దగ్గర ఒక హెచ్చరిక. మన క్లినిక్‌లలో కార్డు మీద ‘లాబ్రడార్ క్రాస్’ అని ఒకచోట, ‘లోకల్’ అని ఒకచోట, దేహదారుఢ్యం చూసి ‘పిట్ క్రాస్’ అని ఇంకోచోట సరదాగా రాసేస్తారు. 2001 నాటి జర్మన్ చట్టం ప్రకారం పిట్‌బుల్ టెరియర్, అమెరికన్ స్టాఫర్డ్‌షైర్ టెరియర్, స్టాఫర్డ్‌షైర్ బుల్ టెరియర్, బుల్ టెరియర్, వీటి సంకరాలు దేశంలోకి రాకూడదు. మీది శుద్ధ వీధికుక్కే అయినా ఆ ఒక్క మాట కార్డులో ఉంటే అక్కడ వాదించుకుంటూ కూర్చోవాలి. ఇండియన్ మిక్స్‌డ్ బ్రీడ్ అని అన్ని కాగితాల్లోనూ ఒకేలా రాయించండి. రంగు, పుట్టిన తేదీ, ఆడా మగా కూడా ఒకదానికొకటి సరిపోవాలి.

ఇక మీకు అన్నిటికంటే పనికొచ్చే సంగతి, ఎవరూ సరిగ్గా చెప్పనిది. సొంత పెంపుడు జంతువుగా యూరప్‌లోకి రావాలంటే యజమాని ప్రయాణానికీ జంతువు ప్రయాణానికీ మధ్య అయిదు రోజులకు మించి ఎడం ఉండకూడదు. మించితే అది వ్యాపార రవాణా కింద లెక్క. ఆ కాగితాలు వేరు, తలనొప్పి వేరు. మీవారు సెప్టెంబర్‌లో వెళ్లి, కుక్క నవంబర్‌లో కార్గోలో ఒంటరిగా వస్తే ఈ నిబంధన అడ్డొస్తుంది. ఎలాగూ మీ వీసా తర్వాత వస్తుందని రాశారు. అందుకని ఇవాళ్టి నుంచే చిప్ రిజిస్ట్రేషన్, టీకా కార్డు, ల్యాబ్ ఫారం, అన్నీ మీ పేరు మీద పెట్టించండి. మీరు నవంబర్‌లో రెండింటినీ వెంటబెట్టుకుని వెళ్లండి. మీవారు ముందెళ్లి ఇల్లు చూసి ఉంచుతారు. నెల పైగా ఎడబాటు తప్పదు. కానీ కుక్క వల్ల ఉద్యోగంలో చేరే తేదీ మార్చమని కొత్త కంపెనీని అడిగే అవస్థ తప్పుతుంది.

ప్రయాణానికి ముందు వారం జరిగేది ఇదీ. విదేశాలకు వెళ్లే జంతువులకు కేంద్ర ప్రభుత్వ యానిమల్ క్వారంటైన్ విభాగం సర్టిఫికెట్ ఇవ్వాలి. దాని కేంద్రం ఒకటి హైదరాబాద్‌లోనూ ఉంది, చెన్నై దాకా వెళ్లక్కర్లేదు. యూరప్ వాళ్ల నమూనా ఫారం మీద ఆ ప్రభుత్వ పశువైద్యాధికారి సంతకం, ముద్ర పడాలి. సంతకం పడిన 10 రోజుల్లోపు మీరు యూరప్‌లో దిగాలి. ఆ ఫారం ఇంగ్లిష్‌తో పాటు, మీరు మొట్టమొదట ఏ దేశంలో దిగుతారో ఆ దేశపు భాషలోనూ ఉండాలి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగితే జర్మన్, పారిస్ మీదుగా వెళ్తే ఫ్రెంచ్. బెర్లిన్‌కి కదా అని జర్మన్ ఫారం పట్టుకుని పారిస్‌లో దిగితే ఇబ్బంది. అపాయింట్‌మెంట్‌కు ముందు పండగ సెలవులు చూసుకోండి.

విమానం విషయంలో నా సలహా సూటిగా: హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు నేరుగా వెళ్లే లుఫ్తాన్సా. 2024 జనవరి నుంచి నడుస్తోంది. మధ్యలో గల్ఫ్‌లో మారాల్సిన ఫ్లైట్లు టికెట్ ధరలో చవకగా కనిపిస్తాయి కానీ, కుక్క క్రేట్‌ను ఒక విమానం నుంచి దింపి ఇంకో విమానంలోకి ఎక్కించే ఆ గంటలే ప్రయాణంలో గడ్డుకాలం. పైగా ఎమిరేట్స్, ఖతార్ క్యాబిన్లలో సహాయక కుక్కలకు తప్ప మామూలు కుక్కలకూ పిల్లులకూ చోటు లేదు, డేగలకు మాత్రం కొన్ని దారుల్లో ఉంది! లుఫ్తాన్సాలో సంచీతో కలిపి 8 కిలోల లోపు ఉన్న పిల్లి మీ కాళ్ల దగ్గర, క్యాబిన్‌లోనే రావచ్చు. మెత్తటి సంచీ 55 × 40 × 23 సెంటీమీటర్లు మించకూడదు. ఒక్కో విమానంలో జంతువులకు ఉండే చోటు పరిమితం. అందుకే మీ టికెట్ కొనక ముందు ఫోన్ చేసి, ఆ తేదీన పిల్లికీ కుక్కకూ చోటుందని నిర్ధారించుకుని, అప్పుడు కొనండి.

శంషాబాద్ సెక్యూరిటీ దగ్గర పిల్లిని సంచీలోంచి బయటకు తీయమంటారు. ఆ గోలలో పిల్లి జారిపోతే దాన్ని మళ్లీ పట్టుకోవడం ఎవరి తరం కాదు. ఇంట్లోనే దానికి ఛాతీ చుట్టూ వేసే బెల్టు తొడగడం అలవాటు చేయండి. ‘పక్క గదిలో చెక్ చేయండి సార్’ అని మర్యాదగా అడగండి, సాధారణంగా ఒప్పుకుంటారు.

18 కిలోల కుక్క క్యాబిన్‌లోకి రాదు. కింద, గాలి ఒత్తిడీ ఉష్ణోగ్రతా అదుపులో ఉండే భాగంలో వస్తుంది. ఎక్సెస్ బ్యాగేజీగా తీసుకుంటారా, కార్గోగా బుక్ చేయాలా అన్నది ఎయిర్‌లైన్ చెప్పాలి. కార్గో అయితే ఛార్జీ చూసి గుండె గుభేలుమంటుంది. ఎందుకో చెబుతాను. కార్గోలో బరువు కాదు, ఆక్రమించే చోటు లెక్క. క్రేట్ పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6000తో భాగిస్తారు. 91 × 64 × 69 క్రేట్‌కు ఆ లెక్క 67 కిలోలు వస్తుంది. 18 కిలోల కుక్కకు 67 కిలోల డబ్బు కడతారన్నమాట. అందుకని అవసరం లేకుండా పెద్ద క్రేట్ కొనకండి. అలాగని బిగుతుగా ఉంటే కౌంటర్ దగ్గర నిలబెట్టేస్తారు. ఐయేటీఏ (అంతర్జాతీయ విమానయాన సంస్థల సంఘం) కొలత ఇదీ: ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా కొలిచి, దానికి నేల నుంచి ముందుకాలి మోచేతి దాకా ఉన్న ఎత్తులో సగం కలిపితే పొడవు. భుజాల వెడల్పుకు రెట్టింపు, క్రేట్ వెడల్పు. నిలబడినప్పుడు చెవుల కొస దాకా ఎత్తు, పరుపు మందం కలిపితే క్రేట్ ఎత్తు. తలుపు ఇనుపది ఉండాలి, పై భాగాన్నీ కింది భాగాన్నీ బోల్టులతో బిగించాలి, నాలుగు వైపులా గాలి ఆడాలి, నీళ్ల గిన్నెను బయటి నుంచే నింపగలగాలి.

క్రేట్ ఆగస్టులోనే కొనేయండి. హాల్లో పెట్టి తలుపు తీసి ఉంచండి. అన్నం అందులోనే పెట్టండి. మొదటి వారం తలుపు వేయొద్దు. తర్వాత తింటున్నంతసేపు వేయండి, ఆ తర్వాత మధ్యాహ్నం నిద్రకు, ఆపైన రాత్రంతా. అప్పుడప్పుడు క్రేట్‌తో సహా కారులో ఎక్కించి ఔటర్ రింగ్ రోడ్డు మీద ఓ చుట్టు తిప్పండి. వీధిలో పెరిగిన కుక్కకు నాలుగు గోడల మధ్య తలుపు మూసుకోవడమే అన్నిటికంటే భయం. మూడు నెలల నిరీక్షణలో మీకు దొరికిన లాభం ఇదొక్కటే, దాన్ని వృథా చేయకండి.

మత్తుమందు అడగొద్దు. ‘పాపం నిద్రపోతుంది కదా డాక్టర్’ అని ప్రతి ఇంట్లో ఒకరు అడుగుతారు. ఎత్తులో మత్తు బీపీనీ ఊపిరినీ దెబ్బతీస్తుంది, క్రేట్ కదిలినప్పుడు కుక్క నిలదొక్కుకోలేదు. మత్తులో ఉన్న జంతువును ఎయిర్‌లైన్లు ఎక్కించుకోవు కూడా. బయల్దేరడానికి కొన్ని గంటల ముందు తేలిగ్గా తినిపించి, ఎయిర్‌పోర్టుకు వెళ్లే ముందు బాగా నడిపించండి. గిన్నెలో నీళ్లు ముందురోజు ఫ్రీజర్‌లో గడ్డ కట్టించి పెడితే ఎక్కించేటప్పుడు ఒలికిపోవు, మెల్లగా కరుగుతాయి.

వెళ్లే ముందు రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలోనో, మీ డాక్టర్ దగ్గరో ఎర్లికియా, బబీషియా (రెండూ గోమార్ల వల్ల వచ్చేవి), హార్ట్‌వార్మ్ (గుండెలో చేరే పురుగు) పరీక్షలు చేయించి రిపోర్టులు వెంట తీసుకెళ్లండి. ఏ నిబంధనా దీన్ని అడగదు, ఇది నా పట్టుదల. మన ఊళ్లో గోమార్ల వల్ల వచ్చే జ్వరం కుక్కల్లో మామూలు. అది ఒంట్లో దాగి ఉండి, ప్రయాణం అలసటకు చలి తోడయ్యాక అక్కడ బయటపడితే, దాన్ని రోజూ చూడని డాక్టరుకు అంతుపట్టడానికి సమయం పడుతుంది. మీ చేతిలో రిపోర్టు ఉంటే మొదటి రోజే దారి దొరుకుతుంది. ఇంకో కారణం డబ్బు. జర్మనీలో పశువైద్యుల ఫీజులకు చట్టబద్ధమైన పట్టిక ఉంది, 2022 నవంబర్‌లో దాన్ని గట్టిగా పెంచారు. అదే పని రాత్రివేళ ఎమర్జెన్సీలో చేయిస్తే పట్టికలోని రేటుకు నాలుగింతల దాకా వేయొచ్చు.

తిండి సంగతి. మాంసం, పాలు కలిసిన ఆహారం ఇండియా నుంచి లగేజీలో తీసుకెళ్లకూడదు, కుక్కల తిండి కూడా ఇందులోకే వస్తుంది. సూట్‌కేసులో పెడిగ్రీ ప్యాకెట్లు కుక్కకండి. రెండు చోట్లా దొరికే కంపెనీ గింజలను సెప్టెంబర్ నుంచి కొంచెం కొంచెంగా కలుపుతూ అలవాటు చేయండి. పెరుగన్నం మానిపించాల్సిన పనేం లేదు, బియ్యం, పెరుగు అక్కడ దొరుకుతాయి. మావాడు, అదే మా కుక్క, బెర్లిన్‌లో ఉన్నన్నాళ్లూ రాత్రిపూట అదే తిన్నాడు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగాక ఆకుపచ్చ దారిలో బయటకు నడిచిపోకండి, ఎర్ర దారిలో కస్టమ్స్‌కు చెప్పి కాగితాలు చూపించాలి. కుక్క కార్గోలో వస్తే లుఫ్తాన్సా యానిమల్ లాంజ్‌కు చేరుతుంది, అక్కడి పశువైద్యాధికారి చూసి వదలడానికి గంటలు పడుతుంది. కాబట్టి అదే రోజు బెర్లిన్‌కు ఇంకో ఫ్లైట్ పెట్టుకోవద్దు. మీవారిని అద్దె కారుతో ఫ్రాంక్‌ఫర్ట్ రమ్మనండి. రైల్లోనూ వెళ్లొచ్చు, నాలుగు గంటల పైచిలుకు. అయితే పెద్ద కుక్కకు టికెట్ కొనాలి, మూతికి బుట్ట తొడగాలి. జీవితంలో బుట్ట ఎరగని కుక్కకు ఆ రోజే అది మొదలుపెట్టడం అన్యాయం. ఎలాగూ బెర్లిన్ మెట్రోలో తర్వాత అవసరం పడుతుంది, ఇక్కడే అలవాటు చేయండి.

ఇప్పుడు నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది. మీ కుక్క తప్పిపోయే ప్రమాదం విమానంలో కాదు, బెర్లిన్‌లో మొదటి కొన్ని వారాల్లో. మియాపూర్‌లో అది గేటు దాటి వెళ్లినా వీధి చివర కిరాణా షాపు దాకా వెళ్లి తిరిగొస్తుంది. ఆ వాసనలన్నీ దానివే. బెర్లిన్‌లో దానికి తెలిసిన వాసన మీ ఒళ్లు ఒక్కటే. ట్రామ్ చప్పుడుకో, సైకిలు దూసుకుపోయినందుకో బెదిరి వెనక్కి లాగితే మామూలు మెడపట్టీలోంచి తల జారిపోతుంది. ఆ తర్వాత పిలిచినా రాదు, భయపడిన వీధికుక్క యజమాని గొంతును కూడా గుర్తుపట్టదు. మన దేశం నుంచీ, రొమేనియా లాంటి చోట్ల నుంచీ తెచ్చిన వీధికుక్కలు ఇలాగే పారిపోతుంటాయి. అందుకే అక్కడి వాళ్లు ఛాతీ చుట్టూ ఒకటి, నడుము దగ్గర ఇంకొకటి పట్టీ ఉండే బెల్టు వాడతారు. నడుము దగ్గరి పట్టీ ఉంటే కుక్క వెనక్కి జారుకోలేదు. ఇది తొడిగి, మెడపట్టీకి ఇంకో తాడు కట్టి, రెండు తాళ్లతో నడిపించండి. కారు తలుపు తెరిచే ముందే తాడు చేతిలో ఉండాలి. ఇల్లు చేరాక కిటికీలు జాగ్రత్త. జర్మన్ కిటికీలు పైభాగం లోపలికి వాలేలా తెరుచుకుంటాయి, ఆ సందులో పిల్లులు ఇరుక్కుని ప్రాణాల మీదికి తెచ్చుకుంటాయి. పిల్లిని మొదట ఒక్క గదిలోనే ఉంచి, అది మంచం కిందనుంచి బయటికొచ్చాక మిగతా ఇల్లు చూపించండి.

దిగిన వారంలో టాస్సో అనే సంస్థ దగ్గర చిప్ నంబరు నమోదు చేయించండి. ఉచితం. మన చిప్‌కు ఇక్కడి ఫోన్ నంబరే ఉంటే అక్కడ దొరికిన కుక్కను మీకు చేర్చేవాళ్లెవరు?

మొదటి పది పదిహేను రోజులు పార్కులూ, స్నేహితుల ఇళ్లూ, తెలుగువాళ్ల దీపావళి విందులూ వద్దు. ఒకే వీధి, ఒకే వేళలు. బెర్లిన్‌లో నవంబర్ చివరికి సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. మనుషులకే దిగులేస్తుంది, పొట్టి బొచ్చు కుక్కకు చలి కూడా. కోటు తొడిగితే సిగ్గేం లేదు. లిఫ్టు, గాజు తలుపు, ఇనుప జల్లెడ మెట్లు, ఇవన్నీ దానికి కొత్త, లాక్కుపోకండి. మన వీధుల్లోలాగా కుక్కలు ఎదురుపడి పలకరించుకోవడం అక్కడ ఉండదు, తాడు కట్టిన కుక్కను దాటించి తీసుకెళ్లడమే మర్యాద. మీ కుక్కకు మొదట్లో ఇది ఒంటరితనంగా ఉంటుంది. వసంతం వచ్చాక, పిలిస్తే వస్తుందని నమ్మకం కుదిరాక గ్రూనెవాల్డ్ అడవికి తీసుకెళ్లండి. అక్కడ తాడు లేకుండా వదిలే పెద్ద ప్రాంతం ఉంది.

డిసెంబర్ 31 రాత్రి గురించి విడిగా చెప్పాలి. బెర్లిన్‌లో ఆ రాత్రి వీధి వీధినా బాణసంచా, మన దీపావళికి ఏమాత్రం తీసిపోదు, కొన్ని పేటల్లో ఇంకా ఎక్కువ. అప్పటికి మీ కుక్క అక్కడికి వచ్చి రెండు నెలలు కూడా కాదు. సాయంత్రం చీకటి పడకముందే బయటికి తీసుకెళ్లి రండి, తర్వాత తెల్లారేదాకా గడప దాటించకండి. కిటికీలకు తెరలు దించి క్రేట్‌ను లోపలి గదిలో పెట్టి మీరూ అక్కడే కూర్చోండి.

కాగితాల పని అక్కడ కూడా ఉంది కానీ తేలికే. ఇంట్లో చేరాక రెండు వారాల్లో మీ చిరునామా నమోదు. ఆ తర్వాత కుక్కపన్ను. నిజంగానే ఉంది, బెర్లిన్‌లో మొదటి కుక్కకు ఏడాదికి 120 యూరోలు. పిల్లికి లేదు. 2022 నుంచి బెర్లిన్‌లో కుక్కల రిజిస్టర్‌లో నమోదు కూడా తప్పనిసరి. కుక్క ఎవరికైనా నష్టం కలిగిస్తే చెల్లించే బాధ్యతా బీమా ఆ ఊళ్లో చట్టప్రకారం ఉండాలి. ఇంటి ఒప్పందంలో జంతువుల గురించి ఏం రాశారో చూడండి. కుక్కలూ పిల్లులూ అసలే వద్దని టోకున నిషేధించే షరతు చెల్లదని 2013లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం చెప్పింది. అలాగని చెప్పకుండా తీసుకెళ్లి తర్వాత కోర్టు తీర్పు చూపించే బదులు, మొదటి మెయిల్‌లోనే కుక్క ఫోటో పెట్టి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవడం నయం. రాత్రి పది తర్వాత మొరిగితే కింది ఫ్లాట్ వాళ్ల చీటీ తలుపుకు అంటుకుని ఉంటుంది. ఒంటరిగా ఉండటం ఇక్కడే కొద్దికొద్దిగా నేర్పండి.

బెర్లిన్ కాకుండా వేరే దేశాలకు వెళ్లే వాళ్లు కూడా చదువుతుంటారు కాబట్టి నాలుగు ముక్కలు. అమెరికాకు కుక్క వెళ్లాలంటే 2024 ఆగస్టు 1 నుంచి కొత్త నిబంధనలు. ఆరు నెలలు నిండాలి, చిప్ ఉండాలి. ఇండియా రేబిస్ ప్రమాదం ఎక్కువున్న దేశం కాబట్టి ఇక్కడ టీకా వేసిన కుక్క అట్లాంటా, న్యూయార్క్ జేఎఫ్‌కే, లాస్ ఏంజెలెస్, మయామి, ఫిలడెల్ఫియా, వాషింగ్టన్ డల్లెస్‌లలో ఏదో ఒకచోటే దిగాలి. అక్కడి జంతు సంరక్షణ కేంద్రంలో ముందే బుకింగ్ ఉండాలి, సీడీసీ (అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ) ఆమోదించిన ల్యాబ్ టైటర్ లేకపోతే 28 రోజులు క్వారంటైన్. డల్లాస్‌లో ఇల్లు కదా అని నేరుగా డల్లాస్ టికెట్ కొనేసిన వాళ్లను చూశాను. పిల్లులకు ఈ సీడీసీ నిబంధన లేదు. బ్రిటన్‌కు యూరప్ లాగే టైటర్, మూడు నెలలు, దానికి తోడు కుక్కకు టేప్‌వార్మ్ (బద్దెపురుగు) మందు. విమానంలో అయితే కార్గోగానే రావాలి. ఆస్ట్రేలియా ఇండియా నుంచి నేరుగా తీసుకోదు, ఆమోదం ఉన్న ఇంకో దేశంలో నెలల తరబడి ఉంచి తీసుకెళ్లాలి. పగ్, షిట్జు, పర్షియన్ పిల్లి లాంటి చప్పిడి ముక్కువాటిని చాలా ఎయిర్‌లైన్లు కింద భాగంలో ఎక్కించుకోవు, ఆ నిరాకరణ మంచిదే.

చివరగా మీ అత్తగారి మాట. ఆవిడ అన్నది తేలిగ్గా తీసిపారేయకండి. పన్నెండేళ్ల కుక్కో, గుండెజబ్బు ఉన్నదో అయితే ఖమ్మంలో పెరట్లో వేపచెట్టు కింద ఉంచడమే న్యాయమని నేనే చెప్పేవాణ్ని. మీ కుక్కకు నాలుగేళ్లు, ఆరోగ్యంగా ఉంది, మీకు అలవాటుపడింది. దాన్ని తీసుకెళ్లండి. పిల్లి మనిషి కంటే ఇంటికి అతుక్కునే జీవి అంటారు కానీ, ఖమ్మం ఇల్లు దానికి బెర్లిన్ ఇల్లంత కొత్తే. అయితే ఏడాదికోసారి సెలవుల్లో వాటిని హైదరాబాద్ తెచ్చి తీసుకెళ్దామనే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. మన దేశంలోకి పెంపుడు జంతువును తేవడానికి ఇక్కడి క్వారంటైన్ విభాగం అనుమతి ముందే కావాలి. శాశ్వతంగా తిరిగొచ్చే వాళ్లకు ఉన్న వెసులుబాటు సెలవులకొచ్చే వాళ్లకు ఉండదు. మీరు వచ్చే మూడు నాలుగు వారాలు వాటిని అక్కడే ఉంచుకునే మనిషిని మొదటి ఏడాదిలోనే వెతికి పెట్టుకోండి. సంక్రాంతి టికెట్లు కొనేటప్పుడు వెతికితే దొరకరు.